అభిమాన నవలా రచయిత పుట్టినరోజు: సభ పెట్టాలా, చదివి వినిపించాలా, పుస్తకం పంచాలా?

రెండేళ్ల కిందట నాకు ప్రాణమైన నవలా రచయిత జయంతి సభకి వెళ్లాను. మూడు గంటలు సాగింది. తొమ్మిది మంది మాట్లాడారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకోలంతా న్యాయమైనదే. కానీ ఆ మూడు గంటల్లో ఆయన రాసిన వాక్యం ఒక్కటైనా ఎవరి నోటి వెంటా రాలేదు. వేదిక మీద బల్లపై ఆయన నవలలన్నీ పేర్చి పెట్టారు, చివరిదాకా ఎవరూ ఒక్క అట్ట కూడా తిప్పలేదు. ఇంటికొచ్చి అలమరలోంచి ఒక నవల తీసి, మొదటి అధ్యాయం నిలబడే చదివాను. ఆ రోజు మొత్తంలో పుట్టినరోజులా అనిపించింది ఆ పావుగంటే.

అప్పటి నుంచీ ఏ పద్ధతినైనా ఒకటే రాయితో తూస్తున్నాను. రోజు ముగిసేసరికి ఆ రచయిత వాక్యాలు ఎంతమంది చెవిన పడ్డాయి? ఎవరైనా కొత్తగా ఆయన్ని చదవడం మొదలుపెట్టారా?

అలాగని సభని తీసిపారేయను. శతజయంతి లాంటి సందర్భంలో సభ వల్ల జరిగే మేలు ఇంకో దారిలో జరగదు. రచయితని దగ్గరగా ఎరిగినవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల జ్ఞాపకాలు నలుగురి ముందు రికార్డవుతాయి. తేదీ దగ్గర పడుతోందంటే, ఏళ్ల తరబడి దొరకని నవలలు మళ్లీ అచ్చుకి నోచుకుంటాయి. కానీ హాలు, ఆహ్వానాలు, ఖర్చు, వేదిక మీద ఎవరు ముందు మాట్లాడాలన్న టెన్షన్, అన్నీ కలిపి నెల రోజుల పని. పదేళ్లకో పాతికేళ్లకో ఒకసారి అయితే సరే, ఏటా నెట్టుకురావడం కష్టం.

ఈ విషయంలో ఇంగ్లిష్ నవలా రచయిత డికెన్స్ మాట నాకు బాగా పట్టింది. తన పేరిట స్మారక చిహ్నాలేవీ పెట్టవద్దని మిత్రులని వేడుకుంటూ, దేశం తనని గుర్తుంచుకోవడానికి తను వెలువరించిన పుస్తకాలే చాలని 1869లో వీలునామాలో రాసుకున్నాడు. 2012 ఫిబ్రవరి 7న ఆయన 200వ పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీ చర్చిలో ఆయన సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచారు. అదే రోజున 24 గంటల పాటు 24 దేశాల్లో ఒకరి తరవాత ఒకరు ఆయన రచనలు పైకి చదువుతూ వెళ్లారు. రెండూ గౌరవాలే. వీలునామా చదివాక మాత్రం నా ఓటు రెండోదానికే.

సభకి పూర్తిగా ఎదురు కొసలో ఉన్నది, 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల రాసిన ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టోల్కీన్ పాఠకుల పద్ధతి. ఆయన పుట్టింది 1892 జనవరి 3న. ఏటా ఆ రాత్రి 9 గంటలకి, ఎక్కడివాళ్లు అక్కడి గడియారం ప్రకారం, పాఠకులు లేచి నిలబడి గ్లాసు ఎత్తి "ప్రొఫెసర్‌కి" అంటారు. ఒక గుక్క తాగి కూర్చుంటారు. గ్లాసులో ఏముండాలన్న నియమం లేదు. ఈ ఆలోచన ఆయన నవలలోంచే వచ్చింది: అందులో బిల్బో అనే పెద్దాయన తన 111వ పుట్టినరోజున ఊరు వదిలి వెళ్లాక కూడా, ఆయన పెంచుకున్న ఫ్రోడో ఏటా ఆ పుట్టినరోజు జరుపుతూనే ఉంటాడు. నిమిషంలో అయిపోయే పని, పైసా ఖర్చు లేదు. చుట్టూ మరో పాఠకుడు లేని చోట ఉన్నవాళ్లకి కూడా, ఈ క్షణంలో ఎందరో తనలాగే లేచి నిలబడ్డారన్న ధైర్యం ఉంటుంది. నా తూకపు రాయి పెడితే మాత్రం కొంచెం తేలుతుంది. అందుకని గ్లాసు దించాక ఒక పేజీ చదువుతాను. ఆ ఒక్క చేర్పుతో బరువు వస్తుంది.

ఫొటో మీద ఒక వాక్యం వేసి పోస్టు పెట్టడం అందరం చేసేదే. చేయండి, కానీ పుస్తకం తెరిచి చూసి, నవల పేరూ పేజీ నంబరూ వేసి పెట్టండి. రచయిత ఎన్నడూ రాయని మాటలు ఆయన పేరుతో తిరుగుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పుట్టినరోజు నాడే అవి మరీ ఎక్కువగా తిరుగుతాయి.

ఇక నేను అన్నిటికన్నా మేలనుకునేది, కలిసి కూర్చుని పైకి చదవడం. దీనికి పెద్ద ఉదాహరణ, తిమింగలం వేట నవల 'మోబీ డిక్' రాసిన అమెరికన్ రచయిత మెల్‌విల్. ఆయన పుట్టింది 1819 ఆగస్టు 1న. అమెరికాలోని మిస్టిక్ రేవు మ్యూజియంలో ఆ పుట్టినరోజుకి 'మోబీ డిక్' మొత్తాన్ని ఇంచుమించు ఒక రాత్రీ పగలూ వంతులవారీగా చదువుతారు. చదివే చోటు 1841లో నీళ్లలోకి దిగిన నిజమైన తిమింగలాల వేట ఓడ. మనకి ఓడ అక్కర్లేదు. నలుగురు మనుషులు, ఒక గది, రెండు గంటలు చాలు.

కిందటేడు మా అభిమాన రచయిత నవల ఒకటి పెట్టుకుని మేం అయిదుగురం కూర్చున్నాం. ఆ నవలని నేను అప్పటికి మూడుసార్లు చదివి ఉన్నాను, అయినా ఒక సంభాషణ నాకు ఎప్పుడూ మామూలుగానే తోచింది. మాలో ఒకావిడ దాన్ని చదువుతూ, తండ్రి కొడుకుతో "సరే, వెళ్లు" అనే చోట ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టబోయి మళ్లీ ఆగింది. వేలు మాత్రం ఆ వరస కిందే ఉంది. పక్కన కూర్చున్నాయన మెల్లిగా పుస్తకం తనవైపు తిప్పుకుని తరవాతి వాక్యం అందుకున్నాడు. ఆ తండ్రి అనుమతి ఇవ్వడం లేదని, ఆశ వదులుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. కంటితో చదివినప్పుడు ఆ రెండు మాటల మీదుగా జారిపోయాను. గొంతు జారనివ్వదు, ప్రతి మాట దగ్గరా ఎలా పలకాలో తేల్చుకోమంటుంది.

చేసేవాళ్లకి రెండు మూడు సంగతులు చెప్పాలి. గడియారం పెట్టి చూసుకుంటే నాకు ఒక పేజీకి రెండు నుంచి రెండున్నర నిమిషాలు పడుతోంది. అంటే రెండు గంటల్లో అరవై పేజీలు దాటవు. మొత్తం నవల పెట్టుకోవద్దు, మూడు నాలుగు అధ్యాయాలు ఎంచుకోండి. మొదటి అధ్యాయం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే చదవనివాళ్లు కూడా వస్తారు. చివరి అధ్యాయం వాళ్ల కోసమే వదిలేయండి. ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి వంతు వద్దు. ఎవరి వంతు ఏదో వారం ముందే చెప్తే ఇంట్లో ఒకసారి చదివి చూసుకుంటారు. గదిలో కూర్చుని చదువుకుంటే ఏ పేచీ లేదు. రికార్డు చేసి నెట్‌లో పెట్టాలంటే మాత్రం హక్కుల సంగతి చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు, చాలా దేశాల్లో 70 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. వారసులనో ప్రచురణకర్తలనో ఒక మాట అడగడం మర్యాద కూడాను.

దీనితో నిజంగా పోటీపడేది ఒక్కటే ఉంది, పుస్తకం పంచడం. మళ్లీ టోల్కీన్ దగ్గరికే వస్తాను. ఆయన నవలల్లో హాబిట్లు అనే పొట్టి మనుషులు తమ పుట్టినరోజున తామే అందరికీ కానుకలు ఇస్తారు. రచయిత పుట్టినరోజుకి ఇంతకంటే చక్కని నియమం నాకు దొరకలేదు. ఆయన తరఫున ఆయన పుస్తకం మనం ఇస్తాం. చదివి వినిపించడం ఉన్న అభిమానాన్ని గట్టి చేస్తుంది, పుస్తకం ఇవ్వడం కొత్త పాఠకుణ్ణి తెస్తుంది. నా రెండో ప్రశ్నకి నేరుగా జవాబు ఇచ్చేది ఇదే.

ఏ పుస్తకం ఇస్తామన్న దగ్గరే చిక్కు. ఒకసారి మా మేనకోడలికి నాకు అన్నిటికంటే ఇష్టమైన, ఆరు వందల పేజీల నవల ఇచ్చాను. ఏడాది తరవాత వాళ్లింటికి వెళ్తే అది మంచం పక్క బల్ల మీదే ఉంది. ముప్ఫై ఎనిమిదో పేజీలో పాత బస్సు టికెట్ గుర్తుగా పెట్టి ఉంది. తప్పు ఆ పిల్లది కాదు, రచయితది అసలే కాదు. మర్నాడు అదే రచయితది నూట ఇరవై పేజీల చిన్న నవల ఇచ్చాను. రెండు రోజుల్లో ఫోన్ చేసి, "అత్తా, ఈయనవి ఇంకేమున్నాయి?" అని అడిగింది. అందుకే మనకి ఇష్టమైనది కాదు, ఆ మనిషి ఒకే బిగిన పూర్తి చేయగలిగేది ఇవ్వాలి.

నవలలో చోట్లు చూడడానికి వెళ్లడం, పాత్రల వేషాలు వేయడం గురించి ఎక్కువ చెప్పను. అందులో పేరున్నది ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ పాఠకులది. వాళ్లు ఆయన పుట్టిన ఫిబ్రవరి 2ని కాక, 'యులిసిస్' కథ నడిచే జూన్ 16ని పండగ చేసుకున్నారు. 1954లో కొందరు డబ్లిన్‌లో గుర్రబ్బళ్లెక్కి నవల దారి వెంట బయల్దేరారు, ఇప్పటికీ సాగుతోంది. నవల ఒక చోటుతో అంతగా ముడిపడి ఉండి, మీరు అక్కడికి వెళ్లగలిగితే అద్భుతమే. లేకపోతే లేదు.

రచయిత బతికుంటే నా లెక్క మారుతుంది. అప్పుడు అన్నిటికంటే ముందు ఉత్తరం. "మీరంటే ఇష్టం" అని కాదు, ఏ నవలలో ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నామో రాయాలి. జవాబు అడగకూడదు. కాగితం మీద రాసి, పుట్టినరోజుకి వారం ముందే పోస్టు చేయాలి.

బతికి లేని రచయితల విషయంలో నేను చేసేది ఇది. నలుగురు దొరికితే చదివి వినిపించడం, దొరకకపోతే ఒక చిన్న నవల కొని ఇంకా చదవని మనిషికి ఇచ్చి, ఆ రాత్రి ఒక అధ్యాయం గోడలకైనా వినిపించడం. సభ వందేళ్లప్పుడు చూద్దాం.

ఈసారి ఏడుగురం అయ్యాం. ఇద్దరు ఆయన్ని ఇంతవరకు చదవనేలేదట, వాళ్లకి చిన్న నవల కాపీలు రెండు తీసి పెట్టాను. నా వంతుకి పన్నెండో అధ్యాయం వచ్చింది. రోజూ పడుకునే ముందు పైకి చదువుతున్నాను. తల్లి తలుపు దగ్గర నిలబడి మాట్లాడే చోట ఎక్కడ ఆగాలో ఇంకా కుదరడం లేదు.