బెల్లం, పల్లి, నేను: నాలుగేళ్ళు షుగర్ గ్లైడర్లతో

హన్మకొండ నయీంనగర్‌లో నాకు జిరాక్స్ షాపు ఉంది. సెమిస్టర్ పరీక్షలప్పుడు కౌంటర్ ముందు నిలబడ్డ పిల్లలు "అన్నా, అంగిల ఏందో కదులుతుందే" అని ఉలిక్కిపడటం నాకు అలవాటైపోయింది. కదిలేది బెల్లం, మగ షుగర్ గ్లైడర్. దాని జోడీ పేరు పల్లి. (పక్కింటి అత్తమ్మ ఇప్పటికీ 'బల్లి' అనే అంటుంది.) 2021 చివర్లో బెల్లాన్ని, నాలుగు నెలలు ఆగి పల్లిని తెచ్చాను. కొందామా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

చూడ్డానికి ఉడుతలా ఉంటుంది కానీ ఉడుత కాదు. కంగారూలాగా ఆడదాని పొట్టకు సంచి ఉండే జాతి. సొంతగడ్డ ఆస్ట్రేలియా, న్యూగినీ అడవులు. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య ఉన్న చర్మాన్ని చాచి చెట్టు మీంచి చెట్టుకు జారుతుంది. పెద్దదయ్యాక కూడా 100 నుంచి 150 గ్రాములకు మించదు. బాగా చూసుకుంటే పది, పన్నెండేళ్ళు బతుకుతుంది. ఈ లెక్క అమ్మినతను చెప్పలేదు. "రోజుకో ఆపిల్ ముక్క చాలు సార్, వారంలో జేబులో తిరుగుతది" అన్నాడు. రెండూ తప్పే.

ఆపిల్ ముక్క నాకు చాలా ఖరీదైంది. తెచ్చిన ఆరు నెలలకు ఒక రాత్రి బెల్లం గూటిలోంచి దిగుతూ వెనక కాళ్ళు ఈడ్చింది. ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి కొమ్మ కూడా పట్టుకోలేకపోయింది. ఇలాంటి జంతువులను చూసే డాక్టర్ హైదరాబాద్‌లో ఉన్నారని తెలిసి, షాపు మూసి, బెల్లం ఉన్న గుడ్డ సంచిని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఎక్స్‌రే చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పెడుతున్నారు?" ఆపిల్, అరటిపండు, పొద్దుతిరుగుడు గింజలు, అది ఎగబడి తినే మీల్‌వర్మ్స్ అనే పురుగులు అని చెప్పాను. వీటన్నిటిలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. నిజానికి ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. అది అందకపోతే ఒళ్ళు ఎముకల్లోంచే కాల్షియం తోడుకుంటుంది, కాళ్ళు పడిపోతాయి. ఎక్కడానికి వీల్లేని చిన్న డబ్బాలో ఉంచి, చుక్కల మందు వేస్తూ నెలన్నర గడిపాం. మళ్ళీ ఎక్కింది, ఎగిరింది. ఎడమ వెనక కాలు మాత్రం ఇప్పటికీ కొంచెం బిగుసుకునే ఉంటుంది. కొనకముందే డాక్టర్ ఎక్కడున్నారో చూసుకోమని అందరికీ చెప్పేది అందుకే.

అప్పటి నుంచి మా ఫ్రీజర్‌లో ఐస్ ట్రే ఒకటి వీటిదే. పెంచేవాళ్ళు లెడ్‌బీటర్స్ మిశ్రమం అంటారు. 150 మి.లీ. గోరువెచ్చని నీళ్ళు, 150 మి.లీ. తేనె, పెంకు తీసిన ఉడికించిన గుడ్డు ఒకటి, చంటిపిల్లల సీరియల్ 25 గ్రాములు, విటమిన్లూ ఖనిజాలూ ఉన్న పొడి ఒక టీస్పూను. అన్నీ మిక్సీలో తిప్పి గడ్డ కట్టించాలి. రాత్రి తొమ్మిదికి ఒక్కోదానికి ఒక టేబుల్ స్పూను. పక్కన కాస్త బొప్పాయో, జామో, చిలగడదుంప ముక్కో. పురుగులు పెడితే కాల్షియం పొడిలో దొర్లించే పెడతాను. ఊరి నుంచి తమ్ముడు మిడతలు పట్టుకొస్తానంటాడు, వద్దంటాను. మన పత్తి చేలల్లో కొట్టినన్ని మందులు ఇంకెక్కడా కొట్టరేమో! చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, చాయ్ దగ్గరికే రానివ్వొద్దు. తేనె గిన్నెకు చీమలు పడితే గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టండి.

ఒక్కటి మాత్రం నేను సొంతంగా కనిపెట్టినట్టు మురిసిపోయాను. అడవిలో ఇవి తుమ్మ జాతి చెట్ల బంక నాకి బతుకుతాయని చదివి, కిరాణా కొట్లో తుమ్మబంక కొని, పొడి చేసి, తడిపి, జామ కొమ్మకు పూశాను. పల్లి గంటసేపు ఆ కొమ్మను వదల్లేదు. తర్వాత తెలిసింది, విదేశాల్లో పెంచేవాళ్ళు చాలా ఏళ్ళుగా చేసే పనే అది.

పంజరం విషయంలో రెండు తప్పులు చేశాను. మొదటిది రామచిలుకల పంజరం. కమ్మీల మధ్య సందులోంచి బెల్లం దూరి పోయింది, రెండో రోజు ఫ్రిజ్ వెనక దొరికింది. సందు అర అంగుళం దాటకూడదు. రెండోది వెల్డింగ్ షాపులో కోళ్ళ జాలితో చేయించబోయాను. ఆ జాలికి ఉండే జింకు పూత వీటికి విషం. చివరికి పౌడర్ కోటింగ్ ఉన్న నాలుగడుగుల ఎత్తు పంజరం తెప్పించాను. వీటికి వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. తిరిగే చక్రం పెడితే మధ్యలో ఇరుసు లేనిది చూడండి, ఇరుసుంటే దానికి తోక చుట్టుకుంటుంది.

ఇక మచ్చిక. మొదటి వారం చెయ్యి పెడితే చాలు, మిక్సీ జార్‌లో ఎండుమిరపకాయలు తిప్పినట్టు అరిచేవి. భయంతో చేసే అరుపు అది, కోపం కాదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే 'అరిస్తే పోతాడు' అని నేర్చుకుంటాయి. కదపకుండా అలాగే ఉంచాలి. కరుస్తాయి కూడా, నా చూపుడు వేలు సాక్ష్యం. అమ్మ ఒక సంచి కుట్టింది. కుట్టు పోగులకు గోళ్ళు చిక్కుకుంటాయని, అంచు బయటికి వచ్చేలా తిప్పి కుట్టించాను. పగలంతా ఆ సంచి మెడలో, అంగీ కింద. ఇవి పగలు నిద్రపోతాయి, నా వాసనలో నిద్రపోవాలి, అంతే. లేవగానే మూత్రం పోస్తాయి కాబట్టి సంచిలోంచి తీసిన వెంటనే అంగీలో వేసుకోకండి. రెండు అంగీలు పోయాక నేర్చుకున్నాను.

రాత్రిళ్ళు చిన్న గుడారంలో వీటితో కూర్చోవాలంటారు. మా దగ్గర గుడారం ఏది? మడతపెట్టే దోమతెర తీశాను. లోపల నేను, సెల్‌ఫోన్ లైటు, వేలికి రాసిన పెరుగు చుక్క. మూడో రాత్రి పల్లి భుజమెక్కింది. నాలుగో రాత్రి దాని గోరు తెరలో ఇరుక్కుని గిలగిల్లాడింది, తెర కత్తిరించాల్సి వచ్చింది. అప్పటి నుంచి గోళ్ళ చివర్లు రెండు వారాలకోసారి తీస్తున్నాను. బాత్రూంలో వదిలేవాళ్ళు బకెట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి కమోడ్ మూత వేయాలి. నల్లా నీళ్ళు పట్టి నింపుకునే మన ఇళ్ళల్లో అదే పెద్ద గండం.

పల్లి రెండు నెలల్లో కలిసిపోయింది. బెల్లానికి ఏడు నెలలు పట్టింది. ఒంటరిగా ఉన్న ఆ నాలుగు నెలల్లో తోక మొదట్లో బొచ్చు కొరుక్కునేది. నేను దాంతో ఎంతసేపు కూర్చున్నా ఆగలేదు, పల్లి వచ్చిన పది రోజులకు ఆగింది. గుంపులో బతికే జీవి, ఒక్కదాన్నే కొనొద్దు. పిల్లల బెడద లేకుండా బెల్లానికి ఆపరేషన్ చేయించాను. మగవాటికి తల మీద వాసన గ్రంథి ఉంటుంది, అక్కడ బొచ్చు ఊడుతుంది. ఆపరేషన్‌తో ఆ బట్టతల మచ్చ, ఆ వాసన కూడా చాలావరకు తగ్గాయి. సంచులన్నీ ఒకేసారి ఉతికితే తమ వాసన పోయిందని మళ్ళీ అంతటా గుర్తులు పెడతాయి, ఒకటొకటిగా ఉతకాలి.

మన ఎండల సంగతి చెప్పకుండా ఉండలేను. 2023 మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయింది. మేడ మీది గదిలో రెండూ కాళ్ళూ చేతులూ చాచి నోరు తెరిచి పడున్నాయి. 32 డిగ్రీలు దాటితే వీటికి కష్టం, ఆ గదిలో ఎంత ఉందో తలచుకుంటేనే టెన్షన్. పంజరం కింది గదిలోకి మారింది, ఇన్వర్టర్ వచ్చింది. గడ్డకట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పంజరం పక్కన పెడితే దాని మీదే వాలిపోతాయి.

2024లో మేడారం జాతరకు వెళ్ళినప్పుడు నాలుగు రోజులు పక్కింటి అబ్బాయికి అప్పగించాం. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. సమ్మక్క సారలమ్మ తల్లులకు ఎత్తు బెల్లం తూయిస్తూ అమ్మ అంది, "బంగారం పేరు ఎలుకకు పెట్టినవు కదరా." ఎలుక కాదమ్మా అని నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అయినా రాత్రి బొప్పాయి కోసేది ఆవిడే.

మొన్న కరీంనగర్ నుంచి మా బావ వచ్చాడు. ఎనిమిదేళ్ళ కూతురికి పుట్టినరోజు కానుకగా జత కొందామని. వద్దనలేదు, ఒక రాత్రి వీటి గదిలోనే పడుకోమన్నాను. రెండున్నరకు బెల్లం కుక్కపిల్లలా మొరగడం మొదలుపెట్టింది, వీధి కుక్కలు అందుకున్నాయి. మూడింటికి పల్లి ఆయన నెత్తి మీదికి దూకి తడిపింది. పొద్దున చాయ్ తాగుతూ బావ అడిగాడు, "ఇక్కడ లవ్‌బర్డ్స్ ఎక్కడ అమ్ముతరు?"