ఒకే ఇంటిపేరు, రెండు సమాధులు: కొలంబియాలో తొమ్మిది రోజులు

రియోనెగ్రో విమానాశ్రయం నుంచి మెదెయిన్ నగరానికి రెండు దారులున్నాయి. 2019లో తెరిచిన సొరంగంలోంచి వెళ్తే తొందరగా చేరతారు. లాస్ పాల్మాస్ రోడ్డు పాతది, కొండను చుట్టుకుంటూ దిగుతుంది. మేము కావాలనే పాత దారిలో తీసుకెళ్లమన్నాం. లోయ నిండా ఇటుక రంగు ఇళ్లు, వాటి మీద నవంబరు వాన. చివరి మలుపులు దిగుతుండగా డ్రైవరు గడ్డంతో పక్కకు చూపించి "ఎస్కోబార్" అన్నాడు.

నా పక్కన కూర్చున్న మా బావమరిది ఉలిక్కిపడి ఫోను తీశాడు. "బావా, పాబ్లో ఇల్లు అనుకుంటా!"

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "ఆంద్రేస్" అన్నాడు. తర్వాత హోటల్ చేరేదాకా నోరు విప్పలేదు.

ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. పాబ్లో మాదకద్రవ్యాల ముఠా నాయకుడు, 1993 డిసెంబరు 2న పోలీసుల కాల్పుల్లో పోయాడు. ఆంద్రేస్ కొలంబియా జాతీయ ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్. ఏడు నెలల తర్వాత, 1994 జులై 2 తెల్లవారుజామున, ఈ లాస్ పాల్మాస్ ప్రాంతంలోనే ఒక నైట్‌క్లబ్ బయట కారులో కూర్చుని ఉండగా కాల్చి చంపారు. వయసు 27. అంతకు పది రోజుల ముందు, అమెరికాతో జరిగిన ప్రపంచ కప్ ఆటలో బంతి ఆయన కాలికి తగిలి సొంత గోలులోకే వెళ్లింది. ఆ వార్తను గుంటూరులో మా నాన్నగారు పేపరులోంచి పైకి చదివి వినిపించడం నాకు గుర్తుంది. "ఆటలో తప్పు చేస్తే చంపేస్తారా?" అని మా నాయనమ్మ అడిగింది. ముప్పై ఏళ్ల తర్వాత డాలస్ నుంచి ఈ ఊరికి రావడానికి కారణం ఆ ప్రశ్నే. మా బావమరిది వచ్చిన కారణం మాత్రం వేరు. వాడు ముఠా నాయకుల మీద తీసిన సీరియళ్లన్నీ చూశాడు.

ముందు బస సంగతి. విదేశీయులు ఎక్కువగా దిగేది ఎల్ పొబ్లాదోలో. మొదటి రెండు రాత్రులు మేమూ అక్కడే ఉన్నాం. గది బాగుంది, పరుపు బాగుంది, నిద్ర మాత్రం లేదు. తెల్లవారుజామున మూడింటికి కూడా కింద బార్లలో పాటలు ఆగలేదు. వీధిలోకి అడుగుపెడితే చాలు, ఏదో ఒకటి అమ్మజూపేవాళ్లు చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడతారు. మూడో రోజు లావురెలెస్‌కు మారాం. చెట్ల నీడలో గుండ్రంగా తిరిగే వీధులు, సాయంత్రం కుక్కలను తిప్పే వృద్ధులు, పది నిమిషాల నడకలో స్టేడియం. ఒక పెద్దావిడ నడిపే చిన్న అతిథిగృహం, అల్పాహారంతో కలిపి రోజుకు 45 డాలర్లు. ఫుట్‌బాల్ కోసం వెళ్లేవాళ్లకు నేను ఇంకో పేటను సూచించను. వేడి నీళ్లు మాత్రం కుళాయికి బిగించిన విద్యుత్ పరికరం దయ మీద ఆధారపడి వస్తాయి.

మా బావమరిది పట్టుబట్టి పాబ్లో టూరుకు డబ్బు కట్టించాడు. మనిషికి 40 డాలర్లు, వ్యానులో ఎనిమిది మంది. ఆ సంస్థ పేరు చెప్పను, అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. గైడు కుర్రవాడు చలాకీగా మాట్లాడాడు, కానీ హతుల గురించి చెప్పేటప్పుడూ ముఠా నాయకుడి గుర్రాల గురించి చెప్పేటప్పుడూ గొంతు ఒకే తీరున ఉంది. ఇతగూయిలోని మోంతెసాక్రో శ్మశానంలో పాబ్లో సమాధి దగ్గర ఒకతను బొటనవేలు పైకెత్తి ఫొటో దిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వాడు కూడా ఫోను జేబులో పెట్టేశాడు, వాడి ముఖంలో మొదటిసారి ఇబ్బంది కనిపించింది.

ఆ టూరులో పనికొచ్చిన చోటు ఒక్కటే, దానికి టూరు కూడా అక్కర్లేదు. పాబ్లో కుటుంబం నివసించిన మొనాకో భవనాన్ని నగరపాలక సంస్థ 2019 ఫిబ్రవరిలో కూల్చేసి, ఆ స్థలంలో ఇన్‌ఫ్లెక్సియోన్ అనే స్మృతివనం కట్టింది. నల్లని గోడ నిండా చిల్లులు. ఒక్కో చిల్లు ఆ కాలంలో పోయిన ఒక ప్రాణం. మొత్తం 46,612. వ్యాను అక్కడ ఆగింది పన్నెండు నిమిషాలే, మర్నాడు మేమిద్దరం మళ్లీ వెళ్లాం. కాసా దె లా మెమోరియా మ్యూజియానికి కూడా ఒక పూట కేటాయించండి. ప్రవేశం ఉచితం. అక్కడ జనం తమ ఇంట్లో పోయినవాళ్ల గురించి తామే చెబుతారు. 40 డాలర్ల టూరులో లేనిది అదే.

ఇక స్టేడియం. అతనాసియో జిరార్దోత్ 1953లో తెరిచింది, దాదాపు 45 వేల మంది పడతారు. మెట్రో రెండో మార్గంలో స్టేడియం పేరు మీదే స్టేషను ఉంది. ఈ మెట్రోను చూసి ముచ్చటపడకుండా ఉండలేం. 1995లో మొదలైన రైలు, పెట్టె లోపల గీత కూడా లేదు. ఊరివాళ్లు దాన్ని ఇంటి వస్తువులా చూసుకుంటారు. ఒకే మైదానాన్ని రెండు జట్లు పంచుకుంటాయి. ఆకుపచ్చ తెలుపు అత్లెతికో నాసియొనాల్‌వి, ఎరుపు నీలం ఇండిపెండియెంతే మెదెయిన్‌వి. మేము వెళ్లింది ఆకుపచ్చవాళ్ల ఆటకు. తూర్పు స్టాండులో టికెట్టు సుమారు 60 వేల పెసోలు, అంటే 15 డాలర్లు. గేటు దగ్గర పోలీసు నా బెల్టు చూపించి వద్దన్నాడు. గొడవల్లో బెల్టులు ఆయుధాలవుతాయట. ఎదురుగా ఒకావిడ గోనెసంచి పట్టుకుని, బెల్టుకు కొన్ని పెసోలు తీసుకుని చీటీ ఇస్తోంది. తిరుపతిలో చెప్పులు అప్పగించినట్టు అప్పగించి, ప్యాంటు పట్టుకుని లోపలికి నడిచాను.

దక్షిణపు స్టాండు "లోస్ దెల్ సూర్" అనే అభిమానులది. తొంభై నిమిషాలూ డప్పులు ఆగలేదు. జెండాల మధ్య ఒక పెద్ద గుడ్డ మీద ఆంద్రేస్ ముఖం, పక్కన 2 అంకె. మా పక్కన అరవై దాటిన ఒకాయన కూర్చున్నారు. నా ముక్కల స్పానిష్, ఫోనులోని అనువాదం, ఆయన ఓపిక, మూడూ కలిసి సంభాషణ నడిచింది. ఇక్కడి ప్రాంతంవాళ్లను "పైసా" అంటారు. మన భాషలో ఆ మాటకు డబ్బు అని అర్థమని చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "అయితే మీ భాషకు మా ఫుట్‌బాల్ చరిత్ర తెలుసు" అన్నారు.

ఆ చరిత్ర నిజంగానే పైసా చరిత్ర. 1980లలో కొకైన్ డాలర్లు సంచుల్లో వచ్చిపడుతుంటే వాటిని తెల్లబరచడానికి ఫుట్‌బాల్ క్లబ్బుకు మించినది దొరకలేదు. గేటు వసూళ్లు నగదు, కాబట్టి టికెట్లు అమ్ముడైనదానికంటే ఎక్కువ రాసుకోవచ్చు. ఆటగాడిని కొన్న ధర ఎంతో కాగితం మీద ఎంతైనా వేసుకోవచ్చు. పైగా పరువు. నాసియొనాల్ వెనుక పాబ్లో నడిపిన మెదెయిన్ ముఠా, కాలీ నగరపు క్లబ్బు అమెరికా దె కాలీ వెనుక అక్కడి ముఠా నాయకుడు మిగెల్ రొద్రిగెస్ ఒరెహుయెలా, బొగోతాలోని మియొనారియోస్ వెనుక "మెక్సికన్" అని పేరుపడ్డ ముఠా నాయకుడు రొద్రిగెస్ గాచా. జీతాలు పెరిగాయి, మంచి ఆటగాళ్లు దేశం దాటి వెళ్లనక్కర్లేకపోయింది. ఈ "వేడి డబ్బు" గురించి 1983లో న్యాయశాఖ మంత్రి రొద్రీగో లారా బొనీయా బహిరంగంగా మాట్లాడితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. 1984 ఏప్రిల్ 30న మంత్రిని బొగోతాలో కారులోనే కాల్చి చంపారు. ఆయన మాట్లాడింది ఫుట్‌బాల్ గురించి మాత్రమే కాదు. ముఠాల మీద ఆయన చేసిన పోరాటంలో అదొక భాగం.

1989 గురించి అడిగితే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు లిబర్తదోరెస్‌ను కొలంబియాకు మొదట తెచ్చింది నాసియొనాలే. కోచ్ ఫ్రాన్సిస్కో మాతురానా, గోలులో ఇగీతా. పరాగ్వే క్లబ్బు ఒలింపియా చేతిలో వాళ్ల దేశంలో 2-0తో ఓడి, కొలంబియాలో 2-0తో గెలిచి, పెనాల్టీల్లో నెగ్గారు. ఇగీతా నాలుగు ఆపాడు. ఆ గెలిచిన ఆట ఈ మైదానంలో జరగలేదు, ఇది చిన్నదైందని బొగోతాలో ఆడాల్సి వచ్చింది. ఆయన రాత్రంతా బస్సులో వెళ్లారట. వేళ్ల మీద ఆటగాళ్ల పేర్లు చెప్పుకుంటూ పోయారు. వాళ్లలో ఆంద్రేస్ కూడా ఉన్నాడు.

అదే ఏడాది నవంబరు 15న ఇదే ఊళ్లో, ఎరుపు నీలం జట్టు ఇండిపెండియెంతే మెదెయిన్‌కూ అమెరికా దె కాలీకీ జరిగిన ఆట తర్వాత, అల్వారో ఒర్తేగా అనే రిఫరీని వీధిలో చంపారు. అంతకుముందు కాలీలో ఆయన మెదెయిన్ గోలు ఒకటి చెల్లదన్నాడు, అదే నేరం. లీగును రద్దు చేశారు. 1989కి కొలంబియా ఛాంపియన్ లేడు. ఈ మాట నేనే ఎత్తాను. పెద్దాయన మైదానం వైపు చూస్తూ ఉండిపోయి, చివరికి "ఆ పాపంలో నా టికెట్టు డబ్బులు కూడా ఉన్నాయి" అన్నారు. తిలాపాపం తలా పిడికెడు అనే సామెతను స్పానిష్‌లోకి మార్చమని ఫోనును అడిగాను. అది నువ్వుల గురించి ఏదో చెప్పింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అంతలో ఆకుపచ్చవాళ్లు గోలు కొట్టారు, ఆయన నన్ను కావలించుకున్నారు.

విరామంలో నేను మా నాయనమ్మ ప్రశ్న అడిగాను. గోలు వల్లనే చంపారా? ఆయన వెంటనే జవాబివ్వలేదు. పందెంలో పోగొట్టుకున్న డబ్బు కోసమని ఊరు ఊరంతా అంటుంది. ఆ రాత్రి ఆంద్రేస్‌ను గోలు పేరుతో ఎగతాళి చేసి గొడవపడ్డవాళ్లు మాదకద్రవ్య వ్యాపారంలో ఉన్న అన్నదమ్ములు. 43 ఏళ్ల శిక్ష పడింది మాత్రం వాళ్ల అంగరక్షకుడికి. అతను 2005లోనే బయటికి వచ్చాడు. "ఆ రోజుల్లో ఈ ఊళ్లో పార్కింగ్ స్థలం కోసం కూడా చంపేవారు. గోలు ఒక వంక" అన్నారు పెద్దాయన. ఆంద్రేస్‌ను ఇక్కడ "ఎల్ కబయెరో" అంటారు, పెద్దమనిషి అని. ప్రపంచ కప్ నుంచి తిరిగొచ్చాక ఎల్ తియెంపో పత్రికలో జీవితం ఇక్కడితో ఆగిపోదని రాశాడు. అంత్యక్రియలకు లక్షకు పైగా జనం వచ్చారు.

మర్నాడు కాంపోస్ దె పాస్ శ్మశానానికి వెళ్లాం, టూరు లేకుండా, టాక్సీలో. కార్యాలయంలో పేరు చెప్పగానే ఉద్యోగి కాగితం మీద దారి గీసి ఇచ్చాడు. విశాలమైన పచ్చిక, మీదుగా ఊరి విమానాశ్రయానికి దిగే చిన్న విమానాలు. సమాధి దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఎవరో తాజాగా తెల్లపూలు, ఒక ఆకుపచ్చ మఫ్లరు పెట్టి వెళ్లారు. వాన మొదలైంది. మా బావమరిది గొడుగు నా చేతికిచ్చి, తడిసి పక్కకు జారిన మఫ్లరును సరిగ్గా పరిచాడు. ఫొటో తీయలేదు.

మెదెయిన్‌లోని కొండవాలు పేట కొమ్యూనా 13 ఎస్కలేటర్లు, రంగుల గోడలు అందరూ రాసేవే, నేను వదిలేస్తున్నాను. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి తిరునాళ్లలా ఉంటుంది. భోజనం విషయంలో శాకాహారులకు కష్టమే. బందేహా పైసా అనే పళ్లెంలో రాజ్మా, అన్నం, అరటికాయ ఉంటాయి కానీ వాటి చుట్టూ మూడు రకాల మాంసం కాపలా కాస్తుంది. మాంసం వద్దంటే విచారంగా చూసి తీసేస్తారు, బిల్లు తగ్గించరు. పతకోన్ అనే పచ్చి అరటి వేపుడు, లూలో పండ్ల రసం నన్ను బతికించాయి. అమెరికా వీసా ఉండటంతో మాకు విడిగా వీసా అక్కర్లేకపోయింది, చెక్-మిగ్ అనే ఆన్‌లైన్ ప్రవేశ ఫారం మాత్రం ముందే నింపాం. బయలుదేరే ముందు నిబంధనలు మళ్లీ చూసుకోండి.

కాలీలో రెండు రాత్రులు ఎక్కువే అనిపించింది. ఉక్కపోత, గదిలో ఏసీ పనిచేయలేదు, ఫిర్యాదు చేస్తే ఫ్యాను తెచ్చిచ్చారు. అయితే పాస్కువాల్ గెర్రేరో స్టేడియం ఎదుట జ్యూసు అమ్మే ఆవిడ మాటల కోసం వెళ్లినా నష్టం లేదు. అమెరికా దె కాలీ 1985, 86, 87లో వరుసగా మూడు లిబర్తదోరెస్ ఫైనళ్లు ఓడింది. 1999లో అమెరికా ప్రభుత్వం క్లబ్బును నల్లజాబితాలో పెట్టింది, 2013 దాకా తీయలేదు. బ్యాంకు ఖాతా లేదు, స్పాన్సరు లేడు. 2011లో రెండో శ్రేణికి పడిపోయి, 2016లో గాని పైకి రాలేదు. ఆవిడ దృష్టిలో ముఠా డబ్బు పుచ్చుకున్న అప్పును క్లబ్బు తీర్చేసింది. "మేము ఐదేళ్లు కింద ఆడాం. మిగతావాళ్లు ఏం కట్టారు?" అని అడిగింది. మెదెయిన్‌లో ఎవరూ ఆ లెక్క చెప్పలేదు.

మిగతావాళ్లలో ఒకరు కట్టడానికి సిద్ధపడ్డారు. 2012లో మియొనారియోస్ అధ్యక్షుడు, గాచా కాలంలో గెలిచిన 1987, 1988 టైటిళ్లను వదులుకుందామా అని పైకి అన్నాడు. అభిమానులు భగ్గుమన్నారు. ఆడింది ఆటగాళ్లు కదా, చెమట వాళ్లది కదా అన్నారు. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఆఖరి సాయంత్రం బొగోతాలో ఎల్ కాంపీన్ స్టేడియం బయట చలికి వణుకుతూ తిరుగుతుంటే, కాలిబాట మీద మియొనారియోస్ నీలం జెండాలు అమ్మే ఒకతను కనిపించాడు. ఇక్కడ టైటిల్‌ను నక్షత్రం అంటారు. జెండా మీద నక్షత్రాలు లెక్కపెట్టాను, 16. మా బావమరిది వంగి చూసి, "వీటిలో ఆ రెండూ ఏవి?" అని ఫోనులో టైపు చేసి అతనికి చూపించాడు. అతను చదివాడు. జెండాను దులిపి, మడతలు సరిచేసి, కవరులో పెట్టి, 25 వేల పెసోలు అన్నాడు.