లేటెక్‌లో లెక్కల మాక్రోలు: దీర్ఘకాలం వాడిన తరువాత నా సమీక్ష

వాణిజ్య గణితం చదివే విద్యార్థుల కోసం అభ్యాస పుస్తకాలను, ప్రశ్నపత్రాలను, వాటి జవాబుల పట్టికలను నేను ఏళ్లుగా లేటెక్ అనే, పేజీలను అచ్చుకు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేస్తున్నాను. లెక్కను కాలిక్యులేటర్ మీద వేసి వచ్చిన జవాబును ఫైలులో టైపు చేయడం మానేసి, సూత్రాన్నే మాక్రోగా, అంటే పేరు పెట్టి పదేపదే పిలవగల ఆదేశంగా, రాసుకుని, పేజీ తయారయ్యేటప్పుడే లెక్క కూడా జరిగేలా చూసుకోవడం ఇప్పుడు నాకు స్థిరపడిన పద్ధతి. ప్రశ్నలో అసలు సొమ్ము మారితే సూచనలోనూ, మధ్య మెట్లలోనూ, పుస్తకం చివరి జవాబులోనూ అంకెలు వాటంతట అవే మారాలి. ఒక్కచోట పాత అంకె మిగిలిపోయినా విద్యార్థి తన లెక్కనే అనుమానిస్తాడు. ఈ పనికి అందుబాటులో ఉన్న సాధనాలలో లేటెక్ కెర్నల్‌లో (దాని మూల భాగంలో) 2022 జూన్ విడుదల నుంచి నేరుగా దొరుకుతున్న, దశాంశ లెక్కలు చేసే ఎఫ్‌పీఈవల్ (fpeval) కమాండ్‌నే నేను అన్నిటికంటే ఎక్కువగా వాడాను కాబట్టి ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే.

దాని విలువ తెలియాలంటే లేటెక్‌కు పునాది అయిన టెక్ స్వతహాగా ఎంత లెక్క చేయగలదో ముందు చూడాలి. డొనాల్డ్ కనూత్ టెక్‌ను అక్షరాలను పేజీ మీద సరైన చోట కూర్చడానికి రూపొందించారు. ఏ యంత్రం మీద నడిపినా ఫలితం ఒక్కటే రావాలన్న పట్టుదలతో పంక్తుల విరుపునూ పేజీల విరుపునూ నిర్ణయించే లెక్కలన్నిటినీ పూర్ణాంకాల మీదే నడిపారు. అందువల్ల మాక్రో రాసేవారికి మూలంలో దొరికేవి రెండే: పూర్ణాంకాలు, పొడవులు. కూడడానికి అడ్వాన్స్, గుణించడానికి మల్టిప్లై, భాగించడానికి డివైడ్ అనే ఆదేశాలు ఉన్నాయి. పూర్ణాంకాల గరిష్ఠ పరిమితి 2147483647, అంటే మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. దశాంశాలను తప్పించుకోవడానికి మొత్తాలను పైసలలో రాసుకుంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయలు దాటగానే ఆ దారి మూసుకుపోతుంది.

పొడవుల మార్గం ఇంకా ఇరుకైనది. టెక్ ఒక పాయింటును (అచ్చులో పొడవుల కొలమానం) 65536 భాగాలుగా చేసి ఆ భాగాలనే లెక్కపెడుతుంది. పాయింట్లలో 16384కు చేరే విలువను అసలు అంగీకరించదు. సంవత్సరానికి 9 శాతం వడ్డీ అంటే నెలకు 0.0075 కదా, దీనిని పొడవుగా నిల్వ చేస్తే 492 భాగాలు అవుతుంది, కానీ 492ను 65536తో భాగిస్తే వచ్చేది సుమారు 0.0075073. ముద్రించమంటే మాత్రం టెక్ 0.0075 అనే చూపుతుంది, కాబట్టి తేడా పైకి కనబడదు. అరవై నెలల చక్రవడ్డీ వేసినప్పుడు ఆ తేడా రూపాయలలోకి వచ్చేస్తుంది. బొమ్మలు గీసే పీజీఎఫ్ ప్యాకేజీలోని గణిత భాగం మామూలుగా ఈ పొడవుల మీదే ఆధారపడుతుంది. రేఖాచిత్రాలలో బిందువుల స్థానాలకు అది చక్కగా సరిపోతుంది, దానిలో రాసే పద్ధతి కూడా హాయిగా ఉంటుంది. అయిదు లక్షల అప్పును దానికి ఇస్తే మాత్రం పొడవు మరీ ఎక్కువైందంటూ ఆగిపోతుంది. డబ్బు లెక్కలకు దానిని నేను సిఫారసు చేయను.

ఎఫ్‌పీఈవల్ వెనుక ఉన్నది లేటెక్3 బృందం రాసిన దశాంశ గణిత వ్యవస్థ. అది పదహారు సార్థక అంకెల వరకు లెక్కిస్తుంది. ద్విసంఖ్యా రూపంలోకి మార్చకుండా దశాంశాలుగానే ఉంచుకుంటుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 వస్తుంది. ఘాతాలు, సంవర్గమానాలు, వర్గమూలాలు, త్రికోణమితి ప్రమేయాలు అన్నీ ఉన్నాయి. నెలవారీ వాయిదాకు నేను రాసుకున్న మాక్రో అసలు, వార్షిక వడ్డీ రేటు, నెలల సంఖ్య అనే మూడు విలువలను తీసుకుంటుంది; దాని శరీరంలో ఉన్నది పాఠ్యపుస్తకంలో కనబడే సూత్రమే. అయిదు లక్షలు, 9 శాతం, 60 నెలలు ఇస్తే 10379.18 వస్తుంది. సూత్రం ఒక్కచోటే ఉండటం వల్ల దానిని ఒకసారి చేత్తో సరిచూస్తే చాలు, పుస్తకమంతటా నమ్మకంగా వాడుకోవచ్చు.

దీని అసలు బలం అంకెల కచ్చితత్వం కాదని నా అభిప్రాయం. ఎఫ్‌పీ అనే పాత ప్యాకేజీ కూడా దశాంశ బిందువుకు ఇరువైపులా పద్దెనిమిదేసి అంకెలు ఇస్తుంది. అయితే దానిలో ముందు లెక్క చేయించి, ఫలితాన్ని ఒక పేరులో దాచి, తరువాత ఆ పేరును వాడాలి. పట్టికలో ప్రతి గడీ విడి పరిధి కాబట్టి, ఒక గడిలో మామూలుగా నిర్వచించిన పేరు పక్క గడికి చేరదు. ఎఫ్‌పీఈవల్ అలా కాకుండా ఉన్నచోటనే విస్తరించి అంకెలుగా మారిపోతుంది. గడిలోనైనా, శీర్షికలోనైనా, ఇంకో సూత్రం లోపలైనా, పొడవు అడిగే చోటైనా నేరుగా రాయవచ్చు. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు కొత్తగా లెక్కిస్తుంది కాబట్టి, అరవై వరుసల పట్టికలో ఒకే విలువ పదేపదే కావలసి వస్తే ఈడెఫ్ (edef) అనే ఆదేశంతో ఒకసారి అంకెలుగా నిల్వచేసుకోవడం మంచిది. ఫైలు తయారయ్యే వేగంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొత్తవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. మాక్రోకు ఇచ్చినది విలువగా కాక, రాసినది రాసినట్టుగా లోపలికి వెళుతుంది. వర్గం కోసం #1*#1 అని నిర్వచించి దానికి 2+3 ఇస్తే, లోపల తయారయ్యేది 2+3*2+3, జవాబు 11. (#1)*(#1) అని నిర్వచిస్తే 25 వస్తుంది. నా మాక్రోలలో ప్రతి పరామితి చుట్టూ బ్రాకెట్లు ఉంటాయి, అవసరం లేదనిపించిన చోట కూడా. ప్రమేయాలకు కూడా బ్రాకెట్లు తప్పనిసరి అనుకోవడమే మేలు. అలాగే 1/2pi అని రాస్తే ఎఫ్‌పీఈవల్ దానిని 1/(2π)గా తీసుకుంటుంది, (1/2)πగా కాదు.

మన పద్ధతిలో కామాలు పెట్టి 5,00,000 అని ఇవ్వకూడదు. కామా దానికి విడదీసే గుర్తు కాబట్టి అయిదు, సున్నా, సున్నా అనే మూడు విలువల సమూహంగా అర్థం చేసుకుంటుంది. లెక్కకు కామాలు లేని సంఖ్యను ఇచ్చి, ముద్రణలో కామాల బాధ్యతను సంఖ్యలను అచ్చుకు అమర్చే ఎస్‌ఐయూనిట్‌ఎక్స్ (siunitx) ప్యాకేజీకి అప్పగించడం నా పద్ధతి. దాని మూడవ తరంలో మొదటి గుంపుకు మూడు అంకెలు, తరువాతి గుంపులకు రెండేసి అంకెలు అని విడివిడిగా చెప్పే వీలుంది. లక్షలు, కోట్లు మనం రాసుకునే తీరులోనే పడతాయి. ఎఫ్‌పీఈవల్ చివరి సున్నాలను వదిలేస్తుంది, 10379.10ను 10379.1 అని ఇస్తుంది. రూపాయలు, పైసల పట్టికలో అది వికారంగా ఉంటుంది, దానినీ ఈ ప్యాకేజీయే సరిచేస్తుంది. ఈ రెండూ కలిస్తేనే పని పూర్తవుతుందని చెప్పాలి.

లువా అనే ప్రోగ్రామింగ్ భాషను ఇముడ్చుకున్న టెక్ రూపం లువాటెక్; అందులో లువా భాషతో లెక్కించడం మరొక మార్గం. వందల వరుసల గణాంకాలను, పదేపదే తిరిగే లెక్కలను అది చాలా వేగంగా చేస్తుంది. అటువంటి అవసరం ఉన్నవారు దానినే ఎంచుకోవాలి. నా పుస్తకాల స్థాయికి ఆ వేగం అవసరం పడలేదు. నా మూల ఫైళ్లను వాడే సహోద్యోగులలో ఫైలును పేజీలుగా మార్చడానికి కొందరు జీలాటెక్ (XeLaTeX) ప్రోగ్రాముతోనూ, కొందరు పీడీఎఫ్‌లాటెక్ (pdfLaTeX) ప్రోగ్రాముతోనూ పనిచేస్తారు. ఎఫ్‌పీఈవల్ అన్నింటిలోనూ ఒకే జవాబు ఇస్తుంది. మెట్టు మెట్టుకూ మారే విలువలను దశాంశ చరరాశులలో దాచుకోవాలంటే మాత్రం లేటెక్ లోపలి ప్రోగ్రామింగ్ భాష అయిన ఎక్స్‌ప్లీ3 (expl3)లోకి దిగవలసి వస్తుంది. అందులో ఖాళీలు లెక్కలోకి రావు, పేర్లలో అండర్‌స్కోర్లు, కోలన్లు అక్షరాలవుతాయి. క్రమశిక్షణ ఉన్న భాషే అయినా, లేటెక్ మాత్రమే తెలిసిన ఉపాధ్యాయుడికి అది తొలి రోజుల్లో కష్టంగానే ఉంటుంది. సున్నాతో భాగించినప్పుడు ఎఫ్‌పీఈవల్ కారణం చెప్పి ఆగుతుంది, అది మేలు. పెద్ద సూత్రంలో బ్రాకెట్ తగ్గినప్పుడు వచ్చే సందేశం మాత్రం ఏ మాక్రోలో లోపం ఉందో తేల్చడానికి అంతగా సహాయపడదు.

సంఖ్యలను దగ్గరి విలువకు సవరించే విషయంలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. మూల టెక్‌లోని డివైడ్ ఆదేశం 7ను 2తో భాగించి 3 ఇస్తుంది. టెక్‌కు విస్తరణ అయిన ఈటెక్ తెచ్చిన నమ్‌ఎక్స్‌ప్ర్ (numexpr) ఆదేశం అదే భాగహారానికి 4 ఇస్తుంది, ఎందుకంటే మొదటిది దశాంశాన్ని కత్తిరిస్తుంది, రెండవది సవరిస్తుంది. ఎఫ్‌పీఈవల్‌లోని రౌండ్ ప్రమేయం సరిగ్గా సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు వెళుతుంది: 12.5 మార్కులు 12 అవుతాయి, 13.5 మార్కులు 14 అవుతాయి. గణాంకశాస్త్రంలో ఈ నియమానికి మంచి కారణాలు ఉన్నాయి, కానీ అర మార్కును పైకి వేయడం అలవాటైన మన మార్కుల జాబితాలో అది పిల్లవాడికి అన్యాయం చేస్తుంది. ఆ ప్రమేయానికి మూడవ విలువగా 1 ఇస్తే సగాలన్నీ పైకి వెళతాయి. మార్కుల మాక్రోలలో నేను దానిని విధిగా ఇస్తాను.

అప్పుల పట్టికలో ఈ విషయం మరింత లోతుగా ఉంటుంది. వాయిదా కచ్చిత విలువకు ఒక మాక్రో, వసూలు చేసే విలువకు వేరొక మాక్రో ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు రాశులు. పైన చెప్పిన అప్పులో వాయిదాను పైసలు వదిలి 10,379 రూపాయలుగా వసూలు చేస్తే, అరవై వాయిదాల తరువాత సుమారు 13 రూపాయల 40 పైసలు బాకీ మిగులుతుంది. కచ్చిత విలువతోనే పట్టిక అంతా లెక్కించి, ముద్రణలో మాత్రమే సవరిస్తే చివరి వరుసలో బాకీ సున్నా అని కనబడుతుంది కానీ విద్యార్థి పై వరుసలలోని అంకెలతో లెక్కకడితే ఆ సున్నా రాదు. అందుకని నా పట్టికలో వసూలు విలువే వరుస నుంచి వరుసకు వెళుతుంది, మిగిలిన బాకీ చివరి వాయిదాలో కలుస్తుంది, ఆ చివరి వాయిదాకు ప్రత్యేకంగా ఒక మాక్రో ఉంటుంది.