తెల్లవారుజాము ఆకాశానికి ఏది మేలు: ఆరు స్టాపుల ఫిల్టరా, పది స్టాపులదా?

స్లో షట్టర్ మీద మనసు పడిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు. "ట్రైపాడ్ ఉంది, కెమెరా ఉంది. ఒక్క ఎన్‌డీ ఫిల్టర్‌కే డబ్బులున్నాయి. ఏది కొనను?" ఎన్‌డీ ఫిల్టర్ అంటే లెన్స్ ముందు బిగించే నల్లటి గాజు; అది వెలుతురు తగ్గించి, షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచనిస్తుంది. ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది. మొన్న భీమిలి దగ్గర రాళ్ల మీద నా పాత ఫిల్టర్ చేజారి పగిలిపోయింది. మళ్లీ కొనాల్సి వచ్చినప్పుడు అదే ప్రశ్న నాకూ ఎదురైంది. రెండూ చాలాకాలం వాడినవాడిని కాబట్టి ఈసారి కాస్త లెక్క వేసుకుని మరీ కొన్నాను. ఆరు స్టాపులదే కొన్నాను. ఎందుకో చెబుతాను.

పది స్టాపుల ఫిల్టర్‌కి ఇంత పేరు రావడానికి కారణం మనం చూసే వీడియోలు. అవి ఎక్కువగా ఇంగ్లండ్, నార్వే, ఐస్‌లాండ్ తీరాల్లో తీసినవి. అక్కడ సూర్యుడు దిగంతం కింద నుంచి బాగా ఏటవాలుగా, నెమ్మదిగా పైకి వస్తాడు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి ఉదయించేదాకా సాగే మసక వెలుతురు లండన్‌లో జూన్ నెలలో 45 నిమిషాలకు పైనే ఉంటుంది. మన విశాఖలో సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు. అదే వెలుతురు మనకి 22 నుంచి 24 నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లోనే వెలుతురు వంద రెట్లకు పైగా పెరుగుతుంది. సగటున మూడు, మూడున్నర నిమిషాలకోసారి రెట్టింపవుతుందన్నమాట. కాబట్టి తెల్లవారుజామున మనకి కరువు నిమిషాలకే. నా దృష్టిలో ఫిల్టర్‌ని తేల్చేది ఈ ఒక్క సంగతే.

నా ఫోటోల్లోని అంకెలే తీసుకోండి. ఐఎస్‌ఓ 100 (సెన్సర్ సున్నితత్వం), అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 11, ఆకాశంలో అక్కడక్కడా మబ్బులు. సూర్యోదయానికి పది నిమిషాల ముందు, అంటే మబ్బుల అడుగుభాగం కెంపు రంగుకి తిరిగే వేళ, ఫిల్టర్ లేకుండా షట్టర్ పావు సెకను దగ్గర ఉంటుంది. ఆరు స్టాపులంటే 64 రెట్లు, కాబట్టి 16 సెకన్లు. పది స్టాపులంటే సుమారు వెయ్యి రెట్లు, నాలుగు నిమిషాల పైన. ఇంకో ఐదు నిమిషాలు ముందే, అంటే సూర్యోదయానికి పావుగంట ముందు తీస్తే, ఫిల్టర్ లేకుండానే ఒక సెకను పడుతుంది. పది స్టాపులది పెడితే ఆ సెకను పదిహేడు నిమిషాలవుతుంది. ఫోటో పూర్తయ్యే లోపు సూర్యుడు వచ్చేస్తాడు.

నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో ఇంకో చిక్కు ఉంది. మొదలుపెట్టినప్పుడు వేసుకున్న లెక్క ముగిసేసరికి తప్పుతుంది, ఎందుకంటే ఈలోగా వెలుతురు రెట్టింపైపోయింది. తూర్పు దిక్కున దిగంతం దగ్గరి భాగం తెల్లగా కాలిపోతుంది. సాయంత్రం అయితే వెలుతురు తగ్గుతూ పోతుంది కాబట్టి ఈ పొరపాటు కొంత సర్దుకుంటుంది. పొద్దున్న ఆ అవకాశం లేదు. లెక్కలో ఒక స్టాప్ తగ్గించుకోవచ్చు, నేనూ తగ్గించి తీసేవాణ్ణి. కానీ రంగు మాటేమిటి? నాలుగు నిమిషాల్లో ఊదా గులాబీ అవుతుంది, గులాబీ నారింజ అవుతుంది. ఒకే ఫోటోలో అవన్నీ కలిసి ఏ రంగూ కాని బూడిద చాయ మిగులుతుంది. చలిలో అంత పొద్దున్నే లేచి వెళ్లింది ఆ రంగు కోసమే కదా.

దీనికి తోడు చాలా కెమెరాల్లో నాయిస్ (ఫోటోలో పడే చుక్కలు) తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, ఫోటో ఎంతసేపు తీస్తే అంతసేపు మళ్లీ ఒక చీకటి ఫ్రేమ్ తీసుకుంటుంది. నాలుగు ప్లస్ నాలుగు, ఎనిమిది నిమిషాలు. ఒక్క ఫోటోకే రంగుల వేళ అయిపోతుంది. ఏ ఫిల్టర్ వాడినా తెల్లవారుజామున దాన్ని ఆఫ్‌లో పెట్టుకోండి.

అలాగని పది స్టాపులది దండగ అనడం లేదు. అది సూర్యోదయం తర్వాత వాడాల్సిన ఫిల్టర్. సూర్యుడు దిగంతం మీదికి వచ్చే క్షణానికి షట్టర్ 1/15 సెకను దగ్గరికి చేరుతుంది. అప్పుడు ఆరు స్టాపులది నాలుగు సెకన్లే ఇస్తుంది, పది స్టాపులది నిమిషం పైన ఇస్తుంది. కెరటాల్ని పొగమంచులా చేయాలన్నా, పగటి ఎండలో మబ్బుల్ని సాగదీయాలన్నా దానికి సాటి లేదు. మబ్బు ఎత్తు కూడా చూసుకోవాలి. కిలోమీటరు ఎత్తులో ఉన్న మబ్బు సెకనుకి 10 మీటర్ల గాలిలో 30 సెకన్లకి 300 మీటర్లు కదులుతుంది. నెత్తిన ఉన్న మబ్బుకి అంత కదలిక చాలు, చక్కటి చారలు పడతాయి. అదే ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ఉండే పల్చటి ఈకల్లాంటి మబ్బులు అంతే సాగినట్టు కనిపించాలంటే, పైన గాలి రెండింతలు జోరుగా ఉన్నా, మూడు నాలుగు రెట్ల సమయం కావాలి. ఆ మబ్బుల దగ్గర 16 సెకన్లతో తీసిన ఫోటో చేయి కదిలినట్టు మసకగా కనిపిస్తుంది, చారలా ఉండదు. ఇక్కడ పది స్టాపులదే గెలిచిందని ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటూనే ఒక దారి చెబుతాను. ఆరు స్టాపుల ఫిల్టర్ పెట్టి 16 సెకన్ల ఫోటోలు ఎనిమిది, మధ్యలో విరామం లేకుండా వరసగా తీయండి. ఇంటికొచ్చాక ఫోటోషాప్‌లో వాటిని ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టి, స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) ఎంచుకోండి. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్‌తో సమానమైన ఆకాశం వస్తుంది. ప్రతి ఫోటో చిన్నదే కాబట్టి దిగంతం కాలిపోదు. వెలుతురు పెరుగుతుంటే మధ్యలో షట్టర్ తగ్గించుకోవచ్చు. రాళ్ల నీడల్లో నాయిస్ కూడా తగ్గుతుంది, పదహారు ఫోటోలు కలిపితే నాలుగో వంతుకి వస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, ఎన్ని నిమిషాల ఫోటో కావాలో తీరిగ్గా ఇంట్లో నిర్ణయించుకోవచ్చు. గులాబీ రంగు ఉన్న నాలుగు ఫోటోలే కలిపితే ఆ గులాబీ చెడకుండా ఉంటుంది. ఇసుకలో ట్రైపాడ్ పెట్టేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. కెరటం వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుక లాగేస్తే ట్రైపాడ్ ఒక మిల్లీమీటరు కుంగుతుంది. నాలుగు నిమిషాల ఒక్క ఫోటో అయితే మొత్తం పోయినట్టే. ఎనిమిదింటిలో కుంగాక తీసినవి పక్కన పెట్టి, మిగతావి వాడుకోవచ్చు.

మరి అసలు ఫిల్టరే లేకుండా ఇలా కలపవచ్చు కదా? కలపవచ్చు. కానీ పావు సెకను ఫోటోలతో రెండు నిమిషాలంటే దాదాపు 480 ఫోటోలు. కెమెరా తాత్కాలిక మెమరీ (బఫర్) నిండితే మధ్యలో ఖాళీలు పడతాయి, మబ్బు అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. చేపల పడవల దీపాలు గీతల్లా కాక చుక్కల్లా పడతాయి.

ఫ్రేమింగ్ విషయంలోనూ ఆరు స్టాపులది సుఖం. అది పెట్టాక కూడా లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) దృశ్యం కనిపిస్తుంది, పొద్దు పొడిచే వేళకి చాలాసార్లు ఫోకస్ కూడా పట్టుకుంటుంది. పది స్టాపులది పెడితే ఆ వెలుతురులో తెర నల్లగా ఉంటుంది. ముందే ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చి, ఆ తర్వాత ఫిల్టర్ బిగించాలి. ఉప్పుగాలికి చేతులు జిగటగా ఉన్నప్పుడు ఆ బిగింపులో ఫోకస్ రింగ్ కదిలిపోవడం నాకు ఎన్నోసార్లు అనుభవం. పైగా చవకరకం పది స్టాపుల గాజు ఫోటోకి గోధుమ రంగో నీలి రంగో పులుముతుంది. పగలైతే తెల్లటి వస్తువు చూసి సరిచేసుకోవచ్చు. తెల్లవారుజాము ఆకాశంలో నిజంగా తెల్లగా ఉన్నదంటూ ఏదీ ఉండదు, కళ్లకి గుర్తున్నదే ఆధారం.

తిప్పి ముదురు మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీ వద్దు. వైడ్ లెన్స్ మీద ఎక్కువగా తిప్పితే ఆకాశం మధ్యలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. పైన ముదురుగా, కింద తేటగా ఉండే గ్రాడ్ ఫిల్టర్ పనిని రెండు వేర్వేరు ఎక్స్‌పోజర్లు కలిపి చేయవచ్చు. ఫోన్‌తో తీసేవాళ్లకి ఐఫోన్‌లో లైవ్ ఫోటోకి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఉంది. నీటికి బాగుంటుంది, మబ్బులకి ఆ కొద్ది సెకన్లు చాలవు.

కొనేటప్పుడు డబ్బా మీద ఎన్‌డీ 64 లేదా 1.8 అని ఉంటే అది ఆరు స్టాపులది, ఎన్‌డీ 1000 లేదా 3.0 అని ఉంటే పది స్టాపులది. మీ దగ్గరున్న పెద్ద లెన్స్ సైజుకి కొని, చిన్నవాటికి ఆ పెద్ద ఫిల్టర్‌ని అమర్చే స్టెప్ అప్ రింగ్ వాడుకోండి.

వేళ విషయానికొస్తే, విశాఖలో జనవరిలో సూర్యోదయం 6:30 దగ్గర, జూన్ మొదట్లో 5:20 దగ్గర. దానికి నలభై నిమిషాల ముందే ట్రైపాడ్ నిలబెట్టండి. మొదటి పది పదిహేను నిమిషాలు ఫిల్టర్ జేబులోనే ఉంచండి, చీకటే మీకు 8 నుంచి 30 సెకన్ల షట్టర్ ఇస్తుంది. మబ్బు అంచున మొదటి ఎరుపు కనిపించగానే బిగించండి.