రూఫ్ రాక్ కొంటున్నారా? కారు టాపుకి డ్రిల్లు వేయనిచ్చే ముందు ఇది చదవండి

కారుకి రూఫ్ రాక్, అంటే సామాను పెట్టుకోవడానికి టాపు మీద బిగించే చట్రం, పెట్టించుకోవాలనుకునేవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. టాపుకి డ్రిల్లు వేసి బిగిస్తామని ఎవరైనా అంటే, ఆ రంధ్రాన్ని దేనితో మూస్తారో, కోసిన రేకు అంచుకి ఏం పూస్తారో, బోల్టు తల కింద ఏం పెడతారో చెప్పించుకునేదాకా తాళం చేతికివ్వకండి. రాక్ ఎంత బరువు మోస్తుంది, గాలి మోత వస్తుందా అని అందరం అడుగుతాం. నీళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అమ్మేవాళ్ళూ వాళ్ళంతట వాళ్ళు ఎత్తరు.

నేను కొన్నచోటే బిగించి ఇచ్చారు. మీ కారుకి పైన రెయిల్స్ (రాక్‌ని పట్టించే పొడవాటి కడ్డీలు) లేవు, డ్రిల్లు వేయక తప్పదన్నారు. పని అయ్యాక చూస్తే శుభ్రంగానే ఉంది. రాక్ కాళ్ళు తిన్నగా ఉన్నాయి, ఒక్కో కాలి చుట్టూ చక్కటి సిలికాన్ గీత. చిన్నపాటి జల్లులకి ఏమీ తెలియలేదు. ఒకసారి రాత్రంతా ముసురు పట్టింది. పొద్దున్నే చూస్తే డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ తడిసిపోయి ఉంది. వెళ్ళి అడిగితే "అవి ఏసీ నీళ్ళండీ, పైపు మూసుకుపోయుంటుంది" అన్నారు. ఏసీ వేయని రోజుల్లోనూ తడి వచ్చింది. మళ్ళీ వెళ్తే ఉన్న సిలికాన్ మీదే ఇంకో పొర పూసి పంపేశారు. ఆ తర్వాత అద్దాలకి లోపలివైపు ఆవిరి పట్టడం, తలుపు తీయగానే ముక్కవాసన కొట్టడం మొదలైంది.

చివరికి బాడీ పని బాగా తెలిసిన మరో మెకానిక్ దగ్గర రూఫ్ లైనింగ్, అంటే టాపు రేకు కింద లోపలివైపు ఉండే మెత్తటి పొర, దింపించాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. స్క్రూ మొనలు రేకులోంచి కిందికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వెనక కుడివైపు మొనకి ఎర్రటి నీటిబొట్టు వేలాడుతోంది. డ్రిల్లు వేసినప్పుడు రాలిన ఇనుప రజను లైనింగ్ మీద అలాగే ఉండిపోయి, తడికి తుప్పుపొడిగా మారి, స్పాంజి పొర నిండా గోధుమరంగు మరకలు చేసింది. ఆ బొట్టు రాలి, లైనింగ్ మీదుగా ముందుకి పాకి, ముందు అద్దం పక్కనుండే స్తంభంలోంచి దిగి, కార్పెట్ కిందికి చేరుతోంది. కారుతున్నది వెనక, తడుస్తున్నది ముందు. బండి నిలిపే చోట ముందువైపు కాస్త పల్లం, అంతే. అందుకని తడి కనిపించిన చోటికి సరిగ్గా పైన వెతికితే లీకు దొరకదు.

ఇంతకీ ఎందుకు కారింది? మొదటి తప్పు ఆ సిలికాన్. వాళ్ళు వాడింది కిటికీ అద్దాలకీ, బాత్రూముల్లోనూ పూసే మామూలు రకం. ట్యూబు తెరవగానే వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తుంది చూడండి, అది గట్టిపడేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం వాసన. డ్రిల్లు వేసిన రంధ్రం అంచున పెయింటు ఉండదు, జింకు పూత ఉండదు, పచ్చి ఉక్కు ఉంటుంది. దానికి ఆ ఆమ్లం తగిలితే తుప్పు అందుకుంటుంది. తుప్పు ఉబ్బుతూ సిలికాన్‌ని రేకు మీంచి లేపేస్తుంది. పైకి గీత చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, అడుగున మాత్రం సందు పడుతుంది. వెంట్రుకంత సందు చాలు, నీరు దానంతటదే లోపలికి పీల్చుకుపోతుంది. మీద ఇంకో పొర పూస్తే జరిగేదల్లా లోపలికెళ్ళిన నీరు బయటికి రాకుండా పోవడమే. పైగా సిలికాన్ ఒకసారి తగిలిన చోట దాని జిడ్డు పూర్తిగా పోయేదాకా పెయింటు పట్టదు, వేరే సీలెంట్ (నీరు దిగకుండా సందులు మూసే బంక) అంటుకోదు. తర్వాత బాగుచేసేవాళ్ళకి అన్నిటికంటే పెద్ద తలనొప్పి అదే. డబ్బాలో పుల్లటి వాసన వచ్చిందంటే ఆ పని అక్కడే ఆపించండి.

రెండోది, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు, అంటే రేకులో తమ మర తామే కోసుకుంటూ దిగేవి. కారు టాపు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పల్చటి రేకులో స్క్రూకి ఒక మర పట్టడమే గొప్ప. బండి కుదుపులకీ, పైన సామాను ఊగడానికీ రంధ్రం వదులవుతుంది, స్క్రూతో పాటు సీలెంటూ కదులుతుంది. బరువు మోయాల్సిన చోట రివెట్ నట్ (రంధ్రంలో పెట్టి పైనుంచే రేకుకి నొక్కి పట్టించే నట్టు) బిగించి అందులోకి బోల్టు వేయాలి, లేదా లైనింగ్ దింపి లోపలివైపు వెడల్పాటి ప్లేటు పెట్టి బోల్టు, నట్టుతో బిగించాలి. లైనింగ్ దింపకుండానే పని అయిపోతుందని ఎవరైనా గొప్పగా చెబితే నేనైతే ఆ గుమ్మంలోంచే వెనక్కి వచ్చేస్తాను.

మూడోది చాలామంది ఫిట్టర్లు కూడా పట్టించుకోనిది, వేడికి లోహం సాగడం. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు. ఉక్కు టాపు మీద మీటరున్నర అల్యూమినియం రెయిలు ఉందనుకోండి, ఎండలో నిలిపిన కారు రాత్రికి 40 డిగ్రీలు చల్లబడితే రెండిటి మధ్య అర మిల్లీమీటరుకి పైగా తేడా వస్తుంది. ఇది రోజూ జరిగేదే. బిరుసెక్కిపోయే సీలెంట్ అయితే ఈ లాగుడుకి చిరుగుతుంది. అందుకే సాగే గుణమున్న సీలెంట్ కావాలి, పొడవాటి రెయిలుకి ఒక చివర రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉండాలి.

ఇక సరిగ్గా చేసే పని ఎలా ఉంటుందో ఆ రెండో మెకానిక్ దగ్గర నిలబడి చూశాను కాబట్టి రాస్తున్నాను. మీరు పక్కన నిలబడితే ఏం చూడాలో తెలుస్తుంది. ముందు లైనింగ్ దింపి, వైర్లు ఎక్కడ పోతున్నాయో, పక్క ఎయిర్‌బ్యాగు ఎక్కడ ఉందో చూస్తారు. టాపుకి రెండు పక్కలా, తలుపుల పైన మడిచి పెట్టిన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో ఉంటాయి, గుడ్డిగా డ్రిల్లు వేస్తే లీకుని మించిన ప్రమాదం. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల నుంచి స్తంభాల్లోకి దిగే సన్నటి డ్రెయిన్ గొట్టాలు కూడా ఆ దారిలోనే ఉంటాయి. తర్వాత రాక్ కాలు కూర్చునే చోటు ఎంచుకుంటారు. టాపు మీద నొక్కిన గీతలుంటే మిట్ట మీద పెట్టాలి గానీ నీరు నిలిచే పల్లంలో కాదు. మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్లు లోతుకి దిగకుండా అడ్డు పెట్టి, ముందు సన్న బిట్‌తో, తర్వాత కావలసిన సైజు బిట్‌తో వేస్తారు. రంధ్రం అంచున లేచిన ముళ్ళు అరగదీసి నున్నగా చేస్తారు. ఇనుప రజను ఒక్క రేణువు మిగలకుండా వాక్యూమ్‌తో లాగేస్తారు, ఎందుకంటే పెయింటు మీద మిగిలినా అది తుప్పు చుక్కే అవుతుంది. కోసిన అంచుకి తుప్పు పట్టనివ్వని ప్రైమర్, దాని మీద పెయింటు పూసి ఆరనిస్తారు. తొందరపడేవాళ్ళు ఎగ్గొట్టేది ఈ ఆరబెట్టడాన్నే.

సీలెంట్ విషయానికొస్తే రెండు దారులు. ఒకటి బ్యూటైల్ టేపు, ఇది గట్టిపడదు, ఎప్పటికీ బంకగానే ఉండి ఒత్తిడికి సందుల్లోకి దూరుతుంది. రంధ్రం పై అంచుని కొద్దిగా ఏటవాలుగా చేసి, బోల్టు చుట్టూ దీన్ని చుట్టి బిగిస్తే ఆ ఏటవాలులో రింగులా కూర్చుంటుంది. బిగించాక అది మెల్లగా బయటికి ఒలుకుతూ ఉంటుంది కాబట్టి కొన్ని గంటలాగి మళ్ళీ ఒకసారి బిగించాలి. రెండోది పాలీయురేథేన్ సీలెంట్, కార్ల ముందు అద్దాలు అతికించే జిగురు ఈ జాతిదే. ఇది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, మామూలుగా రోజుకి 2–3 మిల్లీమీటర్ల లోతుకి మించదు, కాబట్టి అదే సాయంత్రం బండి కడిగితే పని పాడవుతుంది. ఏదైనా సరే, రంధ్రం లోపలికీ, మరలకీ, తల కిందకీ, కాలి రబ్బరు కిందకీ అంతటా పట్టాలి. చుట్టూ గీత గీయడం చూడ్డానికి బాగుంటుందంతే. పైగా లోపలివైపు నుంచి మాత్రమే పూసి మూసేస్తే నీరు రేకు మందంలో నిలబడి తుప్పు పట్టిస్తుంది. ఆపాల్సింది పైననే.

ఇదంతా అసలు మీ కారుకి అవసరమా అన్నది మరో ప్రశ్న. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఇక్కడే. చాలా కార్లకి టాపు రెండు పక్కలా పొడుగ్గా ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ కిందో, చిన్న మూతల కిందో, కంపెనీయే పెట్టిన బిగింపు పాయింట్లు మరలతో సహా ఉంటాయి. నా కారుకీ ఉన్నాయి. పట్టీ ఎత్తి చూడకుండానే డ్రిల్లు తప్పదన్నారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో రూఫ్ లోడ్ అన్న చోట ఆ పాయింట్లు బొమ్మతో సహా ఉంటాయి, టాపు మీద ఎంత బరువు పెట్టొచ్చో కూడా అక్కడే ఉంటుంది. ఆ అంకెలో సాధారణంగా రాక్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. ఆ పుస్తకం తీసి అమ్మేవాళ్ళ ముందు పెట్టండి. కంపెనీ పాయింట్లకి కూడా చెప్పిన పొడవు బోల్టే వాడాలి, పాత రబ్బరు వాషరు నలిగి ఉంటే మార్పించాలి.

డ్రిల్లు లేని రాక్‌లైతే లీకు రాదనుకోవద్దు. తలుపు ఫ్రేముకి కొక్కెంతో పట్టే రకంలో ఆ కొక్కెం ప్లేటు మందంగా ఉంటే తలుపు బీడింగ్ (చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) అక్కడ సరిగ్గా ఆనదు. కాగితం ముక్కని మధ్యలో పెట్టి తలుపు మూసి లాగి చూడండి, బిగువు లేకుండా జారి వచ్చేస్తే నీరూ వస్తుంది. తలుపుల్లోంచి లోపలికి తిప్పి కట్టే పట్టీలైతే వానలో పట్టీ వెంబడే నీరు సీటు మీదికి దిగుతుంది. పాతకాలపు జీపులు, వ్యాన్లకుండే అంచు గట్టర్‌కి (టాపు అంచున వాననీరు పారే సన్నటి కాలువకి) బిగించేవాటిలో, బిగింపు ఒరుసుకుని గట్టర్ లోపలి అతుకు సీలెంట్ పగలకుండా అడుగున రబ్బరు ఉండాలి.

డబ్బు మొత్తం ఇచ్చే ముందు నీళ్ళ పరీక్ష చేయించండి. సీలెంట్ ఆరాక, లైనింగ్ ఇంకా దించి ఉండగానే. ప్రెషర్ వాషర్ వద్దు, మామూలు గొట్టం నుంచి మెల్లగా పారే నీరు చాలు. కింది నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో కాలి దగ్గర కొన్ని నిమిషాలు ఆగుతూ పోయాలి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకో పద్ధతి, అద్దాలు, తలుపులు అన్నీ మూసి, బ్లోయర్‌ని (ఏసీ ఫ్యాన్‌ని) బయటి గాలి మీద పెట్టి ఫుల్లుగా తిప్పి, రాక్ కాళ్ళ చుట్టూ సబ్బునీరు బ్రష్‌తో పూయడం. లోపలి గాలి ఎక్కడ తన్నుకొస్తే అక్కడ బుడగలు లేస్తాయి.

ఇప్పటికే కారుతుంటే రాక్‌నే తప్పు పట్టేముందు సన్‌రూఫ్ డ్రెయిన్లు, యాంటెన్నా కింది రబ్బరు, వెనక పైనుండే బ్రేక్ లైటు రబ్బరు కూడా చూడండి, వీటి దగ్గర కారే నీరూ ఇలాగే ఏమార్చి ఎక్కడో దిగుతుంది. మ్యాట్ ఆరబెట్టి ఊరుకోకండి. కార్పెట్ కింద మందపాటి స్పాంజి నీటిని పట్టి ఉంచుతుంది, కొన్ని కార్లలో వైర్ల కనెక్టర్లు, కంట్రోల్ బాక్సులు ఆ కిందే ఉంటాయి. నా కారులో కార్పెట్ మొత్తం ఎత్తి ఆరబెట్టాల్సి వచ్చింది. సిలికాన్ అంతా గీకి, తుప్పు తీసి, రంధ్రాలు వెల్డింగ్‌తో పూడ్చి టాపుకి మళ్ళీ పెయింటు వేయించాను. ఇప్పుడు కంపెనీ పాయింట్ల మీదే వేరే రాక్ కూర్చుంది.

మొదట బిగించినవాళ్ళు పైసా భరించలేదు. వాళ్ళ బిల్లులో "రాక్, ఫిట్టింగ్" అని మాత్రమే ఉంది. కారు కంపెనీ తుప్పు వారంటీ అడిగితే, బయట డ్రిల్లు వేసిన చోట మొదలైన తుప్పుకి వర్తించదన్నారు. కాబట్టి మీ బిల్లు మీద డ్రిల్లు వేశారా లేదా, ఏ సీలెంట్ వాడారు, నీళ్ళ పరీక్ష చేశారా, లీకు వస్తే లైనింగ్ దింపి బాగుచేసే బాధ్యత ఎన్నాళ్ళు వాళ్ళది, ఈ నాలుగూ రాయించి సంతకం పెట్టించుకోండి. రాయనంటే వేరేచోట చూసుకోండి.