పుట్టు వెంట్రుకల యాత్ర: ఏ కొండ, ఏ గది, ఏ కల్యాణకట్ట?

బిడ్డ పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీయించాలన్నది చాలా ఇళ్లలో మొక్కుతోనే తేలిపోతుంది. ఇంటి దేవుడు వెంకన్న అయితే తిరుమల, రాజన్న అయితే వేములవాడ, నరసింహస్వామి అయితే యాదగిరిగుట్ట. అందులో మార్చేదేమీ లేదు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, ఏ కట్టలో కూర్చోవాలి అన్నవి మాత్రం మన చేతిలోనివి. యాత్ర బిడ్డకు సుఖంగా సాగాలంటే మూడు చోట్లు దగ్గర దగ్గరగా ఉండాలి: దిగిన గది, గుండు గీసే చోటు, వేడినీళ్లు దొరికే చోటు. ఇవి పది నిమిషాల నడకలో ఉంటే ఎంత రద్దీ అయినా తట్టుకోవచ్చు. లేకపోతే తడి తలతో, మెడ చుట్టూ గుచ్చుకునే వెంట్రుకలతో ఏడ్చే బిడ్డను ఎత్తుకుని జనంలో తిరగాల్సి వస్తుంది. కింద చెప్పే క్షేత్రాలన్నిటినీ ఈ కొలతతోనే చూశాం.

తిరుమల

కల్యాణకట్ట అనగానే అందరూ ఆలయానికి దగ్గరున్న ప్రధాన కల్యాణకట్టకే వెళ్తారు. అది రాత్రీ పగలూ నడుస్తుంది, సేవ పూర్తిగా ఉచితం. టోకెన్‌తో పాటు బ్లేడు కూడా అక్కడే ఇస్తారు. పెద్దవాళ్లకు అది చాలు. పసిబిడ్డకు మాత్రం ఆ హాలు మా దృష్టిలో రెండో ఎంపికే. రాత్రి బస్సుల్లో, రైళ్లలో వచ్చినవాళ్లంతా తెల్లవారుజామున ఒక్కసారే అక్కడ చేరతారు. నేలంతా తడి, ఎటు చూసినా ఏడుపులు. పక్క బిడ్డ ఏడుపు వింటేనే మన బిడ్డ బిగుసుకుపోతుంది.

పీఏసీలు (లాకర్లుండే యాత్రికుల వసతి భవనాలు), నందకం, కౌస్తుభం, జీఎన్‌సీ వంటి వసతి సముదాయాల దగ్గర మినీ కల్యాణకట్టలున్నాయి. పని అదే, టోకెన్ పద్ధతీ అదే, జనం తక్కువ. వాటికి వేళలుంటాయి కాబట్టి గది తాళం చేతికి తీసుకునేటప్పుడే కౌంటర్‌లో అడిగి పెట్టుకోవాలి. గది ఎంచుకునే వీలుంటే గది సౌకర్యాల కంటే దగ్గర్లో మినీ కట్ట ఉందా, గదిలో వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి అన్న రెండు ప్రశ్నలు ముందు అడగండి. తక్కువ అద్దె గదుల్లో గీజరు రోజంతా పనిచేస్తుందనుకోవద్దు.

గది దొరకలేదని బెంగపడేవాళ్లకు ఒక మాట. పీఏసీల్లో లాకర్లు ఉచితం. లాకరు, మినీ కట్ట, స్నానాల గదులు ఒకే ఆవరణలో ఉంటాయి. పడుకోవడానికి చాపే గానీ, గుండు పనికి మాత్రం దూరపు కాటేజీ కంటే ఇదే నయం. తిరుపతిలో రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణునివాసం, బస్టాండు దగ్గరి శ్రీనివాసం ప్రయాణానికి ఎంతో అనుకూలమైన చోట్లు. కానీ అక్కడ దిగితే గుండు తర్వాత బిడ్డ నిద్రపోవడానికి కొండ మీద మీకంటూ చోటు ఉండదు. ఘాట్ రోడ్డు మలుపులు దిగేసరికి కడుపులో పాలు నిలవని పిల్లలు చాలామంది. కింద దిగక తప్పకపోతే పాలు, బట్టలు, ఫ్లాస్కు, దుప్పటి అన్నీ పైకి తెచ్చుకోవాలి.

దర్శనం సంగతి గుండుతో కలిపే ఆలోచించాలి. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులను సుపథం అనే వేరే ప్రవేశ దారిలో ఉచితంగా పంపే ఏర్పాటు ఉంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 గంటల మధ్య. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ అసలువి తీసుకెళ్లాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వంటి రోజుల్లో దీన్ని ఆపేస్తారు. ఇక్కడ చాలా కుటుంబాలు చిక్కుకునేది మేనమామ దగ్గర. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మేనమామకు గానీ, తాతయ్య నాయనమ్మలకు గానీ సుపథంలో చోటు లేదు. వాళ్లకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే తీసుకోవాలి, వీలైతే మధ్యాహ్నం వేళకే. అప్పుడు ఉదయం 8, 9 మధ్య గుండు, వెంటనే స్నానం, పాలు, రెండు గంటల నిద్ర, ఆ తర్వాత దర్శనం. ఈ వరుస కుదిరితే బిడ్డ క్యూలో ఏడవదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆడపిల్లకు గుండుకు ముందు పూలజడ వేసి ఫొటో తీయించుకోవడం మన ఇళ్లలో అపురూపమైన ముచ్చట. తిరుమల కొండ మీద పూలన్నీ స్వామివే, భక్తులు తలలో పెట్టుకోకూడదు. కాబట్టి ఆ ముచ్చట ఇంట్లోనో, తిరుపతిలోనో ముగించుకుని కొండెక్కాలి. వెంట్రుకలు మూడు నాలుగు అంగుళాలే ఉంటాయి కనుక సవరం బరువు మోయలేవు. సన్న గుడ్డపట్టీ మీద మల్లెమొగ్గలు, కనకాంబరాలు కుట్టించి, పట్టీని మెత్తటి రిబ్బనుతో పిలకకు కట్టాలి. యూ పిన్నులు వద్దు, పసితలకు గీసుకుంటాయి. ముందురోజు రాత్రి కుట్టించి తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. కట్టాక అరగంటలో ఫొటోలు ముగించాలి, అంతకు మించితే బిడ్డే పీకేస్తుంది.

యాదగిరిగుట్ట, వేములవాడ, చిన్నతిరుపతి, శ్రీశైలం

హైదరాబాద్ వాళ్లకు, అందులోనూ తొమ్మిది, పదకొండు నెలల బిడ్డ ఉన్నవాళ్లకు, మొక్కు అడ్డు రాకపోతే యాదగిరిగుట్టే మేలు. 60 కిలోమీటర్ల దూరం కాబట్టి రాత్రి బస అక్కర్లేదు. పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న దర్శనాలు తిరిగి మొదలయ్యాక కల్యాణకట్ట, లక్ష్మీ పుష్కరిణి కొండ కింద గండి చెరువు దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. గుండు, స్నానం కిందే ముగించుకుని, బట్టలు మార్చి కొండెక్కడం అన్నమాట. శని, ఆదివారాలు, కార్తీకమాసపు వ్రతాల రోజులు, గిరిప్రదక్షిణకు జనం వచ్చే స్వాతి నక్షత్రం రోజు తప్పించండి. మామూలు రోజు ఉదయం 8 కల్లా చేరితే మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరొచ్చు.

వేములవాడ రద్దీని క్యాలెండర్ కంటే పంచాంగం చూసి లెక్కపెట్టుకోవాలి. సోమవారాలు, శ్రావణం, మహాశివరాత్రి సంగతి అందరికీ తెలుసు. చాలామంది మరిచిపోయేది మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే ఆ జాతరకు ముందు కొన్ని వారాల పాటు సమ్మక్క భక్తులు రాజన్నను చూసుకునే వెళ్తారు. ఆ రోజుల్లో పసిబిడ్డతో వెళ్లొద్దు. ఆలయ కోనేరు ధర్మగుండంలో బిడ్డను ముంచనక్కర్లేదు, నాలుగు చుక్కలు నెత్తిన చల్లి, అసలు స్నానం గదిలో గోరువెచ్చని నీళ్లతో చేయించండి. ఆలయ విస్తరణ పనులతో దర్శనం, మొక్కుల ఏర్పాట్లు మారుతున్నాయి కాబట్టి బయల్దేరే ముందురోజు కనుక్కోవాలి.

చిన్నతిరుపతి అని పిలిచే ఏలూరు జిల్లా ద్వారకాతిరుమలకు ఒక ప్రత్యేకత ఉంది. పెద్దతిరుపతి మొక్కును చిన్నతిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, చిన్నతిరుపతి మొక్కును మాత్రం అక్కడే తీర్చుకోవాలన్నది స్థల సంప్రదాయం. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు బిడ్డతో పెద్ద ప్రయాణం చేయలేనప్పుడు ఇదొక మంచి దారి. శనివారం కాకుండా చూసుకుంటే చాలు.

శ్రీశైలం మాత్రం ఏడాది నిండని బిడ్డతో వద్దనే చెబుతాం. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల పైనే, అందులో చివరి భాగమంతా నల్లమల మలుపులు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు కాబట్టి రాత్రి ప్రయాణం, తెల్లవారుజామున గుండు అన్న లెక్క అక్కడ కుదరదు. పాతాళగంగ స్నానమంటే వందల మెట్లు దిగడమో, రోప్‌వే ఎక్కడమో. మూడో ఏట తీయించే ఇళ్లవాళ్లకైతే ఇబ్బంది లేదు.

గుండు సరిగ్గా గీయించడం

ఏ క్షేత్రమైనా పని ఒక్కటే. తెగేదీ మంటపుట్టేదీ చాలావరకు రెండు కారణాల వల్ల: వెంట్రుక నానకపోవడం, బ్లేడు మొద్దుబారడం.

ముందురోజు నుంచే తలకు నూనె పెట్టొద్దు. నూనె ఉన్న వెంట్రుకకు నీళ్లు పట్టవు, బ్లేడు జారుతుంది. కట్టలో క్షురకులు ఒక చెంబు చన్నీళ్లు పోసి గట్టిగా రుద్ది మొదలుపెడతారు. పెద్దవాళ్లకు అది సరిపోతుంది. బిడ్డకు మాత్రం ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లి, చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి, వరుసలో ఉండగానే తడిగుడ్డతో తల తడుపుతూ ఉండాలి. ఐదు నిమిషాలు నానితే వెంట్రుక మెత్తబడుతుంది, బ్లేడు లాగదు.

బ్లేడు మీ కళ్ల ముందే కాగితం విప్పాలి. దాన్ని సగానికి విరిచి కత్తికి బిగిస్తారు. బ్లేడు కొత్తదైనా అది కూర్చునే పిడి ముందు వాళ్ల రక్తం అంటినది కావచ్చు. హెపటైటిస్-బి వంటివి రక్తం ద్వారా కూడా అంటుకుంటాయి కాబట్టి పిడిని డెట్టాల్ నీళ్లలో కడగమని అడగడానికి మొహమాటపడొద్దు. అదనంగా ఒక బ్లేడ్ల ప్యాకెట్ వెంట ఉంచుకోండి. ఒత్తుగా ఉన్న తలైతే సగం అయ్యాక మిగతా సగం బ్లేడు మార్చమనండి. గీసినచోటే రెండు మూడుసార్లు గీస్తున్నారంటే అది మొద్దుబారినట్టే.

బిడ్డకు పాలు పట్టి అరగంట అయ్యాకే కూర్చోబెట్టాలి. అప్పుడే తాగితే ఏడుపులో కక్కేస్తుంది, ఆకలిగా ఉంటే అసలు కూర్చోదు. మేనమామ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో రెండు చేతులూ, ఛాతీ కలిపి పట్టుకుంటాడు. ఎదురుగా ఇంకొకరు గదవ కింద, చెవుల వెనక అరచేతులు ఆనించి తలను నిలపాలి. ఇద్దరికంటే ఎక్కువమంది మూగితే క్షురకుడి చెయ్యి ఆడదు. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర దాకా మాడు మెత్తగానే ఉంటుంది. అక్కడ నొక్కకుండా, ముందు నుంచి వెనక్కి తేలిగ్గా గీయమని ముందే చెప్పాలి. చెవి వెనక మడతలో, మెడ మీద గుంటలో తొందరపడితేనే తెగుతుంది. బిడ్డ ఒక్కసారిగా విదిలిస్తే గీయడం ఆపమనండి, ఊరుకున్నాక సాగించవచ్చు. తిరుమలలో డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

బిడ్డ ఒంటి మీద డైపరు, ముందు గుండీలున్న పాత చొక్కా చాలు. తల మీదుగా లాగే బట్ట వేస్తే విప్పేటప్పుడు వెంట్రుకలు కళ్లలో పడతాయి.

తెగితే శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు ఒత్తి పట్టుకోవాలి. డెట్టాల్ నేరుగా పూయొద్దు. గంధం నెత్తురు ఆగాకే, అదీ చెక్క అరగదీసిన గంధమైతేనే. బజారు పొడిలో రంగు, వాసన కలిపినవి ఉంటాయి, తాజాగా గీసిన పసిచర్మం వాటికి దద్దురెక్కుతుంది. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబర్, జనవరిల్లో స్నానమవగానే నూలు టోపీ పెట్టాలి. ఎండాకాలంలోనూ టోపీ కావాలి, ఎండ ఎరగని చర్మం అది.

చెవులు కుట్టించడం అదే రోజు పెట్టుకునే ఇళ్లున్నాయి. మేమైతే వేరే రోజే మంచిదంటాం. గుండు తర్వాత పోసే నీళ్లు, పూసే గంధం పచ్చి పుండులోకి దిగుతాయి, బిడ్డకు ఒకే రోజు రెండు బాధలు.

తల్లో, అమ్మమ్మో తలనీలాలు ఇస్తుంటే పొడవు జుట్టును నడిమికి పాపట తీసి రెండు ముడులుగా కట్టుకుని కూర్చోవాలి, వెంట్రుకలు చెదరకుండా ఒక్కసారే వస్తాయి. తిరుమలలో మహిళా క్షురకులు ఉన్నారు, టోకెన్ దగ్గరే అడగొచ్చు. పూర్తి గుండు ఇవ్వనివాళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు. అది కనిపించకుండా ఉండాలంటే మెడ దగ్గరి కింది పొర నుంచి తీయమనాలి.

దగ్గర్లో పెళ్లి ఉంటే

జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. బాబు గుండుకీ ఇంట్లో పెళ్లికీ మధ్య మూడు నెలలుంటే తల మీద అంగుళంన్నర ఉంటుంది, పక్కకు దువ్వడానికి చాలు. పాపకు రెండు పిలకలు రావాలంటే ఆరు నెలలు కావాలి. అంతకన్నా దగ్గరైతే పిన్నులతో తంటాలు పడకుండా మెత్తటి పూల బ్యాండ్ కట్టండి.

గీస్తే ఒత్తుగా వస్తుందన్నది నమ్మకమే. కుదురు లోపల ఉంటుంది, బ్లేడు దాన్ని తాకదు. కొన మొండిగా తెగడం వల్ల చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. పెరిగేటప్పుడు చెవుల మీద, మెడ మీద ఎగుడుదిగుడుగా కనిపిస్తే రెండో నెల చివర సెలూన్‌కు తీసుకెళ్లి అంచులు మాత్రమే సరిచేయించండి. మెషీన్ వాడితే గార్డ్ నంబర్ చెప్పండి: 2 అంటే 6 మిల్లీమీటర్లు, 4 అంటే 13. "చిన్నగా తీయండి" అంటే ఒక్కొక్కరు ఒక్కోలా తీస్తారు. పక్కలకు 2, పైన ముట్టుకోవద్దు అని చెబితే పెళ్లినాటికి తల గుండ్రంగా, నిండుగా కుదురుతుంది. ఈ పని పెళ్లికి కనీసం వారం ముందే చేయిస్తే కొత్త కోత గీతలు కలిసిపోవడానికి సమయం దొరుకుతుంది.