కట్టేయడమా, పక్కన మనిషిని కూర్చోబెట్టడమా?

తాగుడు మానేసిన రెండు మూడు రోజులకి వణుకుతో, కలవరింతలతో మంచం దిగి పారిపోబోయే పేషెంట్‌ని ఆపబోయి దెబ్బలు తినని నర్సు మా వార్డులో లేదు, నా ముంజేతి మీద గోళ్ల గాటు ఇంకా ఉంది. బ్యాండేజీతో చేతులు కట్టేస్తే ఆ నిమిషానికి గండం గడుస్తుంది. కానీ భయం పెరిగి ఇంకా గింజుకుంటాడు, మణికట్లు ఒరుసుకుపోతాయి, అసలు కట్టేటప్పుడే మనకి తన్నులు పడేది.

అదే తల్లిగానీ అన్నగానీ పక్కన కూర్చుని, లైటు వేసి ఉంచి, పేరు పెట్టి పిలుస్తూ "ఇది ఆస్పత్రి, నేనున్నా" అంటుంటే చాలామంది నెమ్మదిస్తారు. వణుకూ కలవరింతలూ తగ్గించే లోరాజెపామ్ మందు మాత్రం టైముకి పడాలి, అది లేకుండా ఏ పద్ధతీ నిలవదు.

నా ఓటు మనిషికే. సెలైన్ స్టాండు ఎత్తి కొట్టబోతుంటే కట్టక తప్పదు, అదీ డాక్టరు చెప్పాక, నలుగురు కలిసి, తర్వాత పావుగంటకోసారి రక్తం ఆడుతోందా అని వేళ్ల రంగు చూస్తూ.